సాయిబు ‘రైట్’ అనేదాకా

ఆయన పోయాడన్న కబురు నాకు మొదట తెచ్చింది గాజుల మస్తాన్‌బీ. గాజుల మలారం మా అరుగు మీద దించి, చెంబుడు మంచినీళ్ళు తాగి, నా చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని గాజు ఎక్కిస్తూ, ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

“బస్సు సాయిబు పోయినాడమ్మా.”

“ఏ బస్సు సాయిబు?”

“ఎంతమంది ఉండారమ్మా! రైట్ సాయిబు. మా వీధి చివరే గదా ఇల్లు. నమాజుకని లేచినోడు లేచినట్టే మళ్ళా కూలబడ్డాడు. ఎప్పటి దగ్గో అది. ఆ బొగ్గుపొగ తిన్న ఊపిరి ఎన్నాళ్ళు నిలుస్తదిలే.”

నా చెయ్యి బిగుసుకుందేమో, “వదులు పెట్టమ్మా, గాజు చిట్లుద్ది” అని కసిరింది.

సాయంత్రం దీపం పెట్టినప్పుడు, మనకు మేలు చేసినవాళ్ళను ఒక్కొక్కరినే తలచుకుని దణ్ణం పెట్టుకోవడం మా నాన్నగారు నేర్పిన అలవాటు. నాకు అక్షరాలు నేర్పిందీ ఆయనే, ఆ దీపం ముందే. బడి గడప నేను తొక్కలేదు. ఆ తలపుల వరసలో ఈ సాయిబు కొన్నేళ్ళుగా ఉన్నాడు. ఒకటే చిక్కు, ఆయన పేరు నాకు తెలియదు. మా కాలపు ఆడవాళ్ళం బస్సు కండక్టరు పేరు అడిగి ఎరుగం. మస్తాన్‌బీని అడగవచ్చు గాని, అడగలేదు. ఇన్నాళ్ళూ పేరు లేకుండానే దేవుడికి చెప్పుకున్నాను. దేవుడు ఏనాడూ ‘ఎవరి సంగతి చెబుతున్నావు?’ అనలేదు.

యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క మా గురజాల నుంచి నరసరావుపేటకు బొగ్గు బస్సు నడిచేది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. బస్సు వీపున నిలువెత్తు రేకు పీపా, దాని నిండా బొగ్గులు, కింద చేత్తో తిప్పే పంకా. తెల్లవారుతూనే రాజేస్తే ఎండెక్కేవేళకు గ్యాసు తయారయ్యేది. బండి దారిలో ఎక్కువసేపు నిలబడితే గ్యాసు సన్నగిల్లేది. మెట్ట వస్తే మగవాళ్ళు దిగి తోసేవారు. పేట చేరేసరికి అందరి ముఖాలూ ఒకే కులమయ్యేవి.

ఆ పీపా అడ్డం వల్ల డ్రైవరుకు వెనక ఏముందో కనపడదు. ఎవరెక్కారో, ఎవరు దిగుతున్నారో, ఎవరి కాలు ఎక్కడుందో అతనికి కండక్టరు నోటిమాటే ఆధారం. ఆ మాట ‘రైట్’.

సాయిబు ఆ మాట ఊరికే అనేవాడు కాదు. జనం ఎక్కడం అయిపోగానే ముందు బండి చుట్టూ ఒకసారి నడిచేవాడు. పైన కట్టిన మూటలు చూసేవాడు, కింద చక్రాల దగ్గర వంగి చూసేవాడు. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టినవాడి చేతి మీద టపీమని ఒకటి వేసేవాడు, పెద్దా చిన్నా లేదు. వెనక మెట్టెక్కి అటు చూసేవాడు, ఇటు చూసేవాడు. భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకునేవాడు. అప్పుడు పెదవులు కొంచెం కదిలేవి. ఆ తరువాత రేకు మీద అరచేత్తో చరిచి, “రైట్” అనేవాడు. బొగ్గుపొగకు బొంగురుపోయిన గొంతు. ఆ గొంతు వింటేనే డ్రైవరు చెయ్యి గేరు మీదికి పోయేది.

మనిషి పొడగరి. మెడ కిందకు వంగి ఉండేది, బస్సు కప్పుకు తగలకుండా ఏళ్ళ తరబడి నిలబడినందువల్ల కాబోలు. ఒంటి మీద ఇత్తడి గుండీల ఖాకీ కోటు. ఎండాకాలంలోనూ విప్పేవాడు కాదు. ఆ కోటంటే ఆయనకు ప్రాణం. గుండీలను చింతపండుతో తోమించేవాడని, ఇంట్లో గిన్నెలకు లేని చింతపండు గుండీలకు వస్తుందని భార్య దెప్పేదని మస్తాన్‌బీయే ఒకప్పుడు చెప్పింది. కోపిష్టి. బస్సులో ఉమ్మినవాడిని దింపి, తుడిపించి, మళ్ళీ ఎక్కించుకునేవాడు. కోళ్ళ గంపలంటే పడేది కాదు. “దీనికీ టిక్కెట్టు తీసుకో, లేదా దీని నోరు మూయించు” అనేవాడు. మంచివాడని ఎవరూ అనగా నేను వినలేదు. ‘చాదస్తపు సాయిబు’ అనే అనేవారు.

నేను ఆ బస్సు మొదటిసారి ఎక్కింది నరసరావుపేటలో ఉన్న మా అమ్మను చూసి రావడానికి. మా అత్తగారూ, చంకలో మా అమ్మాయీ. మేము కూర్చున్నాం. అందరూ ఎక్కారు. బండి కదలదు. సాయిబు తలుపు దగ్గర నిలబడి ఎటో చూస్తున్నాడు. వెనకనుంచి కేకలు. “ఏందయ్యా సాయిబూ, ముహూర్తం కోసం చూస్తన్నావా?” “పంచాంగం తెచ్చియ్యండిరా సాయిబుకి!”

సాయిబు నా వైపు చూడకుండా, గాలితో మాట్లాడినట్టు, “అమ్మగోరి కొంగు తలుపు సందున ఉంది” అన్నాడు.

నేను గబుక్కున తీసుకున్నాను. అప్పుడు అన్నాడు ఆ మాట. నా జీవితంలో నేను నేర్చుకున్న మొదటి ఇంగ్లీషు మాట అదే. దాని అర్థం నాకు ఆ రోజున ‘నీ కొంగు భద్రంగా ఉంది, ఇక పోవచ్చు’ అని.

మా అత్తగారికి మాత్రం ఆ మాట నచ్చలేదు. “ఏమయ్యా సాయిబూ, పొద్దున్నే ఆ దొరల మాటేమిటి? హాయిగా రామా అనరాదూ?” అంది.

“అనొచ్చు పెద్దమ్మగోరూ. రామా అంటే మా డ్రైవరు చేతులు రెండూ ఎత్తి దణ్ణం పెడతాడు. బండెవురు నడపాల?”

డ్రైవరు వెనక్కి తిరక్కుండానే భుజాలు కదిలేట్టు నవ్వాడు. అతను లావుపాటి మనిషి, మాట తక్కువ. వాళ్ళిద్దరూ మాట్లాడుకోగా నేను చూడలేదు. ఆ ఒక్క మాటే వాళ్ళ మధ్య నడిచేది, పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా.

ఆ మాట మెల్లగా మా ఇంట్లోకీ వచ్చింది. మా ఆయన బోర్డు స్కూలు మాస్టారు. పిల్లల పుస్తకాల్లో ఎర్రసిరాతో ఒక గీత గీసి దాన్ని ‘రైటు’ అనేవారు. నరసరావుపేటలో మా మరిది వకీలు దగ్గర గుమాస్తా, అతని నోట అది హక్కు. పొలానికి రైటు, డొంకకు రైటు, గోడకు రైటు. ఊళ్ళో కుర్రాళ్ళు కవాతు చేస్తూ లెఫ్ట్ రైట్ అనేవారు, అక్కడ అది కుడికాలు. గడియారం బాగుచేసేవాడు “రైటయింది, తీస్కపోండి” అనేవాడు. మతి చెడినవాడిని “వాడు రైటుగా లేడు” అనేవారు. కొన్నాళ్ళకు మా ఎడ్లబండి తోలే రాములు కూడా ఎడ్లను అదిలించడం మాని “రైట్” అనడం మొదలుపెట్టాడు. అవీ కదిలేవి. చివరికి మా అత్తగారే, ఆవకాయ కలిపి నా నాలుక మీద రవ్వంత వేసి, “ఉప్పు రైటేనా?” అనేదాకా వచ్చింది.

మనకు ‘సరే’ అన్నమాట లేదూ? ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకపోయినా సరే, విసుగొచ్చినా సరే. అది ఎన్ని చాకిరీలు చేస్తుందో ఈ మాటా అన్ని చేస్తుందనుకున్నాను. పరాయి ఊరినుంచి కోడలిగా వచ్చి అందరి పనులూ నెత్తిన వేసుకున్న మాట అది. ఎవరు ఏ చాకిరీ చెబితే ఆ అర్థం.

మా అమ్మాయి నాన్న దగ్గర కొత్త పాఠం నేర్చుకుని, మరుసటి ప్రయాణంలో సాయిబును నిలేసింది.

“సాయిబుగారూ! రైటంటే కుడి చెయ్యంట. మా నాన్న చెప్పాడు.”

“అట్టనా పాపా? మాకు రెండు పక్కలా చూసినాకనే రైటు. మీ నాయన బళ్ళో ఒక పక్కే చూస్తే సరిపోద్దేమో.”

ఇంటికొచ్చి చెబితే మా ఆయన చాలాసేపు నవ్వారు.

బస్సు కదిలేముందు ఆయన పెదవులు కదలడం నేను గమనించాను గాని అడగడానికి బెదురు. ఒకసారి పిడుగురాళ్ళ దగ్గర బండి ఆగి, పీపాలో బొగ్గులు కుక్కుతున్నారు. జనం దిగి చెట్టునీడకు పోయారు. మా అత్తగారికి ఆ బెదురు లేదు.

“ఏమయ్యా, ఆ మాట అనేముందు లోపల ఏదో గొణుగుతావు. ఏమిటది?”

సాయిబు చేతికంటిన మసి తుడుచుకున్నాడు. “అల్లా పేరు పెద్దమ్మా. పైకి అంటే కొందరికి నచ్చదు, లోపల అనుకుంటే అందరికీ రైటు. ఎక్కించుకున్నోళ్ళని ఎక్కించుకున్నట్టు దింపాల గదా. మన చేతుల్లో ఏముంది?”

“ఉన్నంతలో నువ్వు చూస్తూనే ఉన్నావుగా చుట్టూ తిరిగి.”

“చూడకపోతే ఎట్టా? ఇదివరకు వేరే కామందు బస్సులో చేశా. నేనింకా కిందనే ఉండా. చంకన పిల్లనేసుకుని ఒకమ్మ మెట్టు మీద ఒక కాలు పెట్టింది. లోపల్నించి ఎవుడో సరదాకి ‘రైట్’ అన్నాడు. డ్రైవరు నేననుకుని పోనిచ్చాడు.”

మా అత్తగారు “అయ్యో” అంది. తరువాత ఏమైందని నేనూ అడగలేదు, ఆవిడా అడగలేదు. సాయిబు కోటు గుండీ ఒకటి పట్టుకుని నిలబడ్డాడు.

“అప్పుడూ ఈ డ్రైవరే పెద్దమ్మా. అందుకే మా ఇద్దరికీ ఒక ఒప్పందం. నా గొంతు వింటేనే బండి కదిలేది. మెట్టు మీద మనిషి నిలబడేది లేదు, కూచునేది లేదు. అంతే.”

ఆ ఒప్పందం ఎంత గట్టిదో తరువాత చూశాను. వెనక బెంచీలో అల్లరి కుర్రాళ్ళు ఆయన గొంతు పెట్టి “రైట్!” అని అరిచేవారు. బండి కదిలేది కాదు. డ్రైవరు మెడ కూడా తిప్పేవాడు కాదు. తోడుదొంగలని కుర్రాళ్ళు వేళాకోళం చేసేవారు.

ఇక నేను చెప్పదలచుకున్న రోజు. మిరపకోతల కాలం. మా అమ్మకు ఒంట్లో బాగాలేదని కబురొస్తే అత్తగారూ నేనూ పిల్లను తీసుకుని బయలుదేరాం. ముందు బెంచీలో మేము. మా వెనక బెంచీలో ఒక పెద్దరైతు. జరీ కండువా, చేతిలో కాగితాల కట్ట. డొంకదారి తగాదాలో ఆయనకు ఆరోజు పేట కోర్టులో వాయిదా ఉందని ఎక్కినప్పటినుంచీ బస్సంతటికీ చెబుతున్నాడు. “నాకు రైటుంది! తాతలనాటి రైటు! చూస్తా, వాడు దారెట్టా ఇయ్యడో!” బస్సు కామందు ఆయనకు వియ్యంకుడు. ఆ మాటా చెప్పాడు.

గురజాల దాటి కొంతదూరం పోయాక, ఒక ఊరి మలుపు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు. ఒక ముసలామె చెయ్యెత్తి నిలబడింది. రెండో ఆమె, చిన్న వయసుది, మైలురాయి మీద కూలబడి ఉంది. బస్సు ఆగింది. సాయిబు దిగాడు.

“ఏందమ్మా?”

“మా కోడలు మరియమ్మయ్యా. రాత్రికాణ్ణించీ నొప్పులు. మంత్రసాని నా వల్ల కాదంది, పేటలో దొరసానుల ఆసుపత్రికి తీస్కపొమ్మంది. మెట్టు మీన కూచుంటాం బాబూ. లోపలికి రాం.”

ఆ ‘లోపలికి రాం’ అన్న మాటతోనే వాళ్ళు ఊరికి ఎడంగా ఉన్న గూడెం నుంచి వచ్చినవాళ్ళని బస్సంతటికీ తెలిసిపోయింది.

“మెట్టు మీన ఎవురూ కూచోరు ఈ బండిలో” అన్నాడు సాయిబు. “లోపలికే ఎక్కు.”

లోపల బెంచీల మీద ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ జరగలేదు. ఇంకో అంగుళం చోటు లేనట్టు కాళ్ళు వెడల్పు చేసుకున్నవాళ్ళూ ఉన్నారు.

పెద్దరైతు కిటికీలోంచి తల పెట్టాడు. “ఒరేయ్ సాయిబూ! ఏందిరా ఇది? వాళ్ళే అంటన్నారు గదా మెట్టు మీద కూచుంటామని. కూచోనీ.”

“గతుకుల దారి బాబూ. నొప్పులు పడే మనిషి. మెట్టు మీద పెట్టుకుని నేను పోనీను.”

“అయితే ఎనక బస్సులో రమ్మను.”

“ఎనక బస్సు సాయంత్రం.”

“అది నా ఖర్మా? కోర్టులో నా పేరు పిలుస్తారు, నేను లేకపోతే నా రైటు గంగలో కలుస్తది! రైట్ చెప్పు, పోనీ.”

సాయిబు మాట్లాడలేదు. మెట్టు పక్కన నేల మీద నిలబడి, తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ భుజాన వేసుకున్నాడు. నోరు తెరవలేదు.

పెద్దరైతు ముందుకు వంగి, తానే డ్రైవరు చెవిలో పడేట్టు అరిచాడు. “రైట్! పోనియ్!”

డ్రైవరు రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“చెవుడా నీకు? రైట్ అంటన్నా గదా!”

“సాయిబు అనలేదు బాబూ” అన్నాడు డ్రైవరు. ఆ మనిషి ఒక పూర్తి మాట మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

వెనక పీపాలో రొద తగ్గుతోంది. గ్యాసు పడిపోతోందని అందరికీ తెలుస్తూనే ఉంది. వెనకనుంచి తలా ఒక మాట. “ఒక్క మాట అంటే పోలా!” “ముంచుతాడురా ఈయన.” “బాబుగోరితో పెట్టుకున్నాడు, ఇక అయినట్టే.” పెద్దరైతు మొహం ఎర్రబడింది. కేకలు మాని, నెమ్మదిగా అన్నాడు. ఆ నెమ్మదికి నాకు కేకలకంటే ఎక్కువ భయం వేసింది.

“సాయిబూ, మీ కామందు నాకేమవుతాడో ఎరుగుదువు గదా. రేపీపాటికి ఆ కోటు నీ ఒంటి మీద ఉండదు.”

సాయిబు చెయ్యి గుండీ మీదికి పోయింది. అక్కడే ఉండిపోయింది. ఆయన ఇంట్లో ముగ్గురాడపిల్లలని తరువాత తెలిసింది. ఆ క్షణాన మాత్రం, ఆ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో చూశాను. నోరు మాత్రం తెరవలేదు. మైలురాయి మీది పిల్ల, అరవకూడదని కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు మా అత్తగారు నా మోచేతి మీద పొడిచింది. ఆవిడ బస్సులో పరాయివాళ్ళ గాలి తగిలిందని ఇంటికెళ్ళి తలమీద నీళ్ళు పోసుకునే మనిషి. మంచినీళ్ళ చెంబు కూడా వేరుగా తెచ్చుకునే మనిషి.

“ఏమే అమ్మాయ్, పిల్లను ఒళ్ళో పెట్టుకుని జరుగు. ఇంకా జరుగు. సాయిబూ, ఆ అమ్మాయిని తీసుకొచ్చి ఇక్కడ, నా పక్కన కూర్చోబెట్టు. ముసల్దాన్ని కింద నా కాళ్ళ దగ్గర కూర్చోమను.”

పెద్దరైతు నిర్ఘాంతపోయాడు. “మీరా అమ్మగోరూ! మడి మనుషులు...”

“మడికేం నాయనా, పేటలో నాలుగు చెంబులు పోసుకుంటే తిరిగొస్తుంది. ఆ పిల్ల తిరిగి రావద్దూ?”

సాయిబు ఆ పిల్లను రెండు చేతులా పట్టి ఎక్కించాడు. ఆవిడ మా అత్తగారి పక్కన ఒదిగి, తగలకుండా ఉండటానికి ఎంత ముడుచుకుందో. మొదటి గతుకు దగ్గరే ఆ ముడుచుకోవడం పోయింది. నొప్పి వచ్చి మా అత్తగారి ముంజేయి పట్టుకుంది. పేటదాకా వదల్లేదు. అత్తగారు విడిపించుకోనూ లేదు.

కాని అది తరువాత సంగతి. వాళ్ళు కూర్చున్నాక కూడా సాయిబు తొందరపడలేదు. బండి చుట్టూ నడిచాడు. పైన చూశాడు, కింద చూశాడు. మెట్టెక్కి అటూ ఇటూ చూశాడు. పెదవులు కదిలాయి. రేకు మీద చరిచి, “రైట్” అన్నాడు. రోజూ అనేట్టుగానే. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

గ్యాసు చాలక మెట్ట దగ్గర బండి నిలబడిపోయింది. మగవాళ్ళంతా దిగి తోశారు. “బాబూ, మీరూ ఒక చెయ్యి” అన్నాడు సాయిబు పెద్దరైతుతో, వేళాకోళంగా కాదు, మామూలుగానే. వేరే దారి లేదు. ఆయనా తోశాడు, జరీ కండువా నడుముకు బిగించి. బస్సు అడ్డాకు పోకుండా ముందు ఆసుపత్రి గేటు దగ్గర ఆగింది. కోర్టులో ఆయన పేరు అప్పటికే పిలిచేశారో లేదో నాకు తెలియదు.

మా అత్తగారు మా అమ్మ ఇంటి పెరట్లో నీళ్ళు పోసుకుంది. ముంజేతి మీద గోళ్ళ గుర్తులు కొన్నాళ్ళు ఉన్నాయి. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు, నన్ను చెప్పవద్దనీ అనలేదు.

తిరుగు ప్రయాణానికి మేము ఎక్కేసరికి మెట్టు మీద వేరే మనిషి ఉన్నాడు. చిన్నవాడు. మెడలో ఈల. ఒంటి మీద అదే కోటు, భుజాల దగ్గర వేలాడుతూ.

ఆ నెలలోనే, కారే ఇత్తడి బిందె ఒకటి తీసుకుని నేను గురజాల బస్సుల అడ్డాకు వెళ్ళాను. సాయిబు అక్కడ ఒక రేకుల పంచన కొలిమి పెట్టుకుని బిందెలకు మాట్లు వేస్తున్నాడని మా ఆయన చెప్పారు. వెళ్ళింది బిందె కోసమే కాదు. ఒక మంచిమాట చెప్పి రావాలనిపించింది. బనీను మీద ఉన్నాడు. కోటు లేకపోతే మనిషి సగమైనట్టు కనిపించాడు. బిందె ఎండకెత్తి చిల్లి వెతుకుతూ, నన్ను చూసి నవ్వలేదు.

“ఆ రోజు నువ్వు చేసింది మేము మరచిపోము సాయిబూ” అన్నాను.

“నేనేం చేశానమ్మగోరూ? నోరు మూసుకున్నా. చేసింది పెద్దమ్మగోరు, బండి ఆపింది డ్రైవరు.”

“పని పోయింది కదా.”

“పోయింది.” కాసేపు కొలిమి ఊదాడు. “బాధ లేదని అబద్ధం చెప్పను. పొద్దున లేస్తే కాళ్ళు అటే పోతన్నాయి. కామందు పిలిచి, బాబుగోరి కాళ్ళు పట్టుకుంటే ఉంచుకుంటా అన్నాడు. పట్టుకుందామనే పోయినా. ఇకమీద అట్టాంటోళ్ళని మెట్టు మీద కూచోబెడతానని కూడా ఒప్పుకో అన్నాడు. అదొక్కటీ నోటికి రాలా.”

“ఆ పిల్ల ఎట్లా ఉందో తెలిసిందా?” అని అడిగాను.

అప్పుడు నవ్వాడు. “ఆడపిల్లంటమ్మా. ముసలామె వచ్చి చెప్పిపోయింది. తల్లీ పిల్లా ఇద్దరూ రైట్.”

నేను బిందె కోసం నిలబడి ఉండగానే అడ్డాలో పేట బస్సు తయారైంది. కొత్త కండక్టరు ఈల వేశాడు. బస్సు కదల్లేదు. మళ్ళీ వేశాడు. డ్రైవరు తల పక్కకు తిప్పి, ఈ రేకుల పంచ వైపు చూస్తున్నాడు. సాయిబు నా బిందె కింద పెట్టి లేచి నిలబడ్డాడు. ఉన్నచోటునుంచే అటు చూశాడు, ఇటు చూశాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. పెదవులు కదిలాయి. “రైట్” అన్నాడు.

బస్సు కదిలింది. ఆయన కూర్చుని మళ్ళీ బిందె అందుకున్నాడు.

రోజూ ఇదేనని తరువాత తెలిసింది. కామందుకు చెవిన పడితే, “జీతం లేని కండక్టరు దొరికాడు, నాకేం నష్టం” అన్నాడట. యుద్ధం ఆగిపోయింది, స్వరాజ్యం వచ్చింది, బొగ్గు పీపా తీసేసి పెట్రోలు బండి వచ్చింది. డ్రైవరుకు ఇప్పుడు వెనక ఏముందో అద్దంలో కనపడుతుంది. అయినా గురజాలలో బండి కదిలేముందు అతను ఆ పంచ వైపే చూసేవాడు.

మస్తాన్‌బీ డబ్బులు కొంగున ముడివేసుకుని, మలారం ఎత్తుకోబోతూ, మరచిపోయినదేదో గుర్తుకు వచ్చినట్టు ఆగింది.

“ఆయన పోయిన మర్నాడు పొద్దున బస్సు చానాసేపు కదల్లేదమ్మా. కండక్టరు పిల్లోడు ఈల మీద ఈల. డ్రైవరు ఆ రేకుల పంచకేసి చూస్తా కూచున్నాడు. జనం గోల. అప్పుడు బండి దిగినాడు.”

“దిగి?”

“దిగి, తనే చుట్టూ నడిచినాడు. అంత లావు మనిషి వంగి చక్రాల కింద చూసినాడు. మెట్టు దగ్గర నిలబడి అటు చూసినాడు, ఇటు చూసినాడు. మళ్ళా ఎక్కి పోనిచ్చినాడు.”

“ఏమీ అనకుండానా?”

“ఏమంటాడమ్మా? ఆ మాట ఆయనది గదా.”

ఇది చదివే అమ్మలనూ అయ్యలనూ నేను అడిగేది ఒక్కటే. మీరెక్కిన బస్సు కదలబోయే ముందు ఎవరో ఒకరు ఆ మాట అంటారు. ఆ మాట చెవిన పడేముందు, ఒక్క ఊపిరి సేపు, మీ దేవుడెవరైనా సరే ఆయన దగ్గర ఒక పొడుగాటి మనిషిని తలచుకోండి. పేరు లేదని సందేహించకండి. కోటు లేకుండా, తువ్వాలు భుజాన వేసుకుని, నోరు మూసుకుని, మెట్టు పక్కన నేల మీద నిలబడి ఉంటాడు.